కొమ్ముకోనెం చేపను గుర్తుపట్టడం ఎట్లా?

మన హుస్నాబాద్ పక్కన ఉమ్మాపూర్ గుట్టల్లో ఉన్న పాత చెరువుకు మహాసముద్రం అని పేరు. అది తప్ప మనకు దగ్గరలో ఇంకో సముద్రం లేదు. అసలైన సముద్రం చూడాలంటే హన్మకొండ దాకా బస్సులో పోయి, కాజీపేటలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రాత్రంతా కూర్చొని తెల్లవారేసరికి విశాఖపట్నంలో దిగాలి. అందుకే మనకు చేపలంటే చెరువు చేపలే. రవ్వ, బొచ్చె, జెల్ల, పరకలు, అన్నిటికన్నా మిన్న కొర్రమట్ట. నేను ఈ హాస్టల్‌లో ఉన్నన్నాళ్లు చేప అంటే ఎల్లమ్మ చెరువులో పడ్డదే అనుకున్నాను. సముద్రపు చేప అంటే అంగడిలో కుప్ప పోసి అమ్మే ఎండు నెత్తళ్లు మాత్రమే.

కొన్నేండ్ల క్రితం పని మీద విశాఖ పోయినప్పుడు తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లాను. సిమెంటు గచ్చు మీద ఒక చేప పడుకోబెట్టి ఉంది. నాకన్నా పొడుగు. మూతి ముందు బరిసె లాంటి కొమ్ము. పక్కన నిలబడ్డ పెద్దాయనను, జంతుశాస్త్రం చదివిన ధీమాతో, "అన్నా, ఇది కత్తి చేపనే కదా?" అని అడిగాను. ఆయన నవ్వి, "కత్తి ఎక్కడుంది బాబూ? ఇది కొమ్ముకోనెం" అన్నాడు. నాలుగడుగుల దూరంలో ఇంకో చేప ఉంది. దానికీ కొమ్ము ఉంది గాని మనిషి వేరు, మొహం వేరు అన్నట్టు తేడా కొట్టొచ్చినట్టు కనబడుతోంది. "మరి అదేంది?" అంటే "అదీ కొమ్ముకోనెమే" అన్నాడు. నా మొహం చూసి జాలి పడ్డాడేమో, "ఇది తెరసాపది, అది నల్లది. సెయ్యెట్టి దాని రెక్క మడిసి సూడు" అన్నాడు. వంగి ప్రయత్నించాను. మొదటి దాని రెక్క విసనకర్ర మడిచినట్టు ఒంటికి అతుక్కుపోయింది. రెండో దాని రెక్క రెండు చేతులతో నొక్కినా కదలలేదు. గొడ్డలి కర్ర దిగ్గొట్టినట్టే ఉంది.

ఈ వ్యాసం ఆ రెక్క దగ్గర మొదలైంది.

ముందు పేరు సంగతి చూద్దాం. ఉత్తరాంధ్ర తీరంలో కోనెం అంటే వంజరం చేప. హైదరాబాద్‌లో ముక్కలుగా కోసి వేయించి పెట్టేది అదే. కొమ్ము ఉన్న పెద్ద చేప కాబట్టి దీన్ని కొమ్ముకోనెం అన్నారు. పత్రికల్లో కొమ్ముకోణం అని కూడా రాస్తారు. నిజానికి వంజరంతో దీనికి దగ్గరి చుట్టరికం లేదు. ఇది పైదవడ ఈటెలాగా సాగిన చేపల గుంపు. వీటిలో బంగాళాఖాతంలో దొరికేవి ప్రధానంగా ఐదు. ఒకటి తెరచాప చేప, దాన్నే ఇంగ్లీషులో సెయిల్ ఫిష్ అంటారు. మూడు మార్లిన్‌లు: నల్లది, నీలిది, చారలది. ఐదోది నేను హార్బర్‌లో తప్పుగా చెప్పిన కత్తి చేప, అంటే స్వోర్డ్ ఫిష్. మొదటి నాలుగూ ఒకే కుటుంబం, కత్తి చేప ఒక్కటీ వేరే కుటుంబం.

విదేశాల్లో వీటిని గేమ్ ఫిష్ అంటారు. గాలానికి చిక్కినాక గంటల తరబడి పోరాడుతుంది కాబట్టి డబ్బున్నవాళ్లు సరదాకు, పందేనికి పడతారు. 1953 ఆగస్టు 4న పెరూ దేశంలోని కాబో బ్లాంకో దగ్గర ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ అనే అమెరికన్ పట్టిన నల్ల మార్లిన్ బరువు 707 కిలోలు. అంటే మన హాస్టల్ స్టోర్ రూమ్‌లో పెట్టే యాభై కిలోల బియ్యం బస్తాలు పద్నాలుగు. ఆ రికార్డు ఇంతవరకు ఎవరూ దాటలేదు. హెమింగ్వే రాసిన 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ' నవలలో ముసలివాడు మూడు రోజులు పోరాడేది కూడా మార్లిన్‌తోనే.

మన తీరంలో మాత్రం ఇది ఆట కాదు. ముగ్గురో నలుగురో ఒక ఫైబర్ బోటులో పోయి, గాలం తాడును చేత్తో లాగే పని. 2022లో విశాఖ తీరంలో ఒక మత్స్యకారుడు కొమ్ముకోనెం పొడవడంతో ప్రాణం పోగొట్టుకున్నాడు. 2025లో అనకాపల్లి జిల్లా తీరంలో గాలానికి పడ్డ పెద్ద చేపను లాగుతుండగా అది ఇంకొకరిని సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. ఆ వార్తలు చదివి మా బ్యాచ్ మిత్రుడు ఫోన్ చేసి, "చేప మనిషిని చంపుడేందిరా?" అన్నాడు. వంద కిలోల కండ, దాని ముందు గట్టి ఎముక కొమ్ము, అటు ఇటు ఊగే చిన్న పడవ. ఈ మూడూ ఒకచోట కలిస్తే ఎట్లుంటుందో చెరువు గట్టు మీద నిలబడి ఊహించడం మనకు కష్టమే. తాడుకు పడ్డది ముప్పై కిలోల తెరచాప చేపనా, వంద దాటిన నల్ల మార్లినా అన్నది, అది నీటిపైకి ఎగిరిన ఒకటి రెండు క్షణాల్లో తెలుసుకోవాలి. తాడు చేతికి చుట్టుకోకుండా వదులుతూ అలసిపోయేదాకా ఆగాలా, దగ్గరికి లాగాలా అన్నది దాన్ని బట్టే ఉంటుంది. కాబట్టి గుర్తుపట్టడం అనేది వాళ్లకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న కాదు.

ఇక గుర్తుల సంగతి. అందరూ మొదట రంగు చూస్తారు. రంగును నమ్మవద్దు. ఇవన్నీ బతికున్నప్పుడు పైన ముదురు నీలం, కింద వెండి తెలుపు. చర్మంలోని రంగు కణాల వల్ల క్షణాల్లో రంగు మారుస్తాయి కూడా. మెక్సికో దగ్గర డ్రోన్‌తో తీసిన చిత్రాలను బట్టి 2024లో ప్రచురించిన పరిశోధనలో, చారల మార్లిన్‌లు గుంపుగా వేటాడేటప్పుడు దాడికి దిగబోయే చేప ఒంటి చారలు మిగతావాటికన్నా తళతళా మెరిశాయని తేలింది. 'ఇప్పుడు నా వంతు, మీరు పక్కకు ఉండండి' అని చెప్పడం కావచ్చునని శాస్త్రవేత్తల ఆలోచన. మెస్ దగ్గర పళ్లాలు పట్టుకొని తోసుకునే మనకన్నా ఆ చేపలే నయం అనిపించింది నాకు. అయితే చచ్చిన తర్వాత ఈ రంగులన్నీ ఆరిపోతాయి. హార్బర్‌కు వచ్చేసరికి అన్నీ బొగ్గు నలుపు, బూడిద రంగే. అందుకే వాజాలు చూడాలి.

వీపు మీది వాజం, మన పుస్తకంలోని పృష్ఠవాజం, దగ్గర మొదలుపెడదాం. తెరచాప చేపకు ఈ వాజం ఒంటి మందం కన్నా చాలా ఎత్తు. తల వెనకనుంచి దాదాపు వీపు పొడవునా పడవ తెరచాపలాగా లేస్తుంది, దాని మీద నల్లని చుక్కలు ఉంటాయి. అయితే అది ఎప్పుడూ లేచి ఉండదు. మామూలుగా ఈదేటప్పుడు వీపు మీది గాడిలోకి మడిచి దాచుకుంటుంది. కాబట్టి హార్బర్‌లో తెర కనబడలేదని మోసపోవద్దు, గాడిలో వేలు పెట్టి ఎత్తి చూడాలి. నల్ల మార్లిన్‌కు ఈ వాజం పొట్టిది, ఒంటి మందంలో సగం కూడా ఉండదు. చారల మార్లిన్‌కు ముందు భాగం దాదాపు ఒంటి మందమంత ఎత్తు. నీలి మార్లిన్ వీటి మధ్యది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. నీలి మార్లిన్ పిల్లగా ఉన్నప్పుడు దాని వీపు వాజం కూడా తెరలాగా ఎత్తుగా ఉంటుంది. చిన్న చేపను చూసి తొందరపడి పేరు పెట్టకూడదు.

రెండోది నాకు పెద్దాయన చూపించిన గుర్తు. మొప్పల వెనక రెండు పక్కలా ఉండే ఉరోవాజాలు. తెరచాప చేపకు, నీలి, చారల మార్లిన్‌లకు ఇవి ఒంటికి ఆనేలా మడత పడతాయి. పెద్ద నల్ల మార్లిన్‌కు మడత పడవు. బలవంతంగా నొక్కితే కీలు విరుగుతుంది తప్ప వాజం వంగదు. బాగా చిన్నవాటిలో మాత్రం ఇంకా బిగుసుకొని ఉండదు. ఈ ఒక్క పరీక్షకు పుస్తకం అక్కరలేదు, కొలబద్ద అక్కరలేదు. చదువుకున్నవాళ్లు రాసిన గుర్తింపు పుస్తకాల్లో కూడా నల్ల మార్లిన్‌కు ఇదే మొదటి గుర్తు. హార్బర్‌లో ఆ పెద్దాయనకు ఇది ఎవరు చెప్పారో నేను అడగలేదు, అడగాల్సింది.

మూడోది పొట్ట కింద వేలాడే శ్రోణివాజాలు. తెరచాప చేపకు ఇవి రెండు సన్నని తాళ్లలాగా, దాదాపు మలద్వారం దాకా సాగి ఉంటాయి. మార్లిన్‌లకు అంత పొడుగు ఉండవు. కత్తి చేపకైతే అసలే ఉండవు. నేను ఆ రోజు పొట్ట కింద ఒకసారి చూసి ఉంటే పరువు దక్కేది. కత్తి చేపకు ఇంకా తేడాలున్నాయి. దాని కొమ్ము నిజంగానే కత్తిలాగా బల్లపరుపుగా ఉంటుంది, పొడవు మిగతావాటికన్నా ఎక్కువ. మార్లిన్‌ల కొమ్ము, తెరచాప చేప కొమ్ము గుండ్రంగా కర్రలాగా ఉండి, ముట్టుకుంటే ఆకురాయిలాగా గరగరలాడుతుంది. ఎదిగిన కత్తి చేపకు పొలుసులు ఉండవు, పళ్లు ఉండవు. తోక మొదట్లో ఇటొకటి అటొకటి గట్టులాంటి గీర ఉంటుంది, మిగతా నాలుగింటికి ఒక్కో పక్కన రెండేసి ఉంటాయి. తల తెగిపోయి మొండెం మాత్రమే మిగిలినా తోక చూసి కత్తి చేపను విడదీయవచ్చు.

శాస్త్రీయ నామాలు రాసుకోవాలనుకునే తమ్ముళ్ల కోసం: తెరచాప చేప ఇస్టియోఫోరస్ ప్లాటిప్టెరస్, నల్ల మార్లిన్ ఇస్టియోంపాక్స్ ఇండికా, కత్తి చేప జిఫియస్ గ్లాడియస్. రెండో పేరులోని ఇండికా మన హిందూ మహాసముద్రం వైపు చూసి పెట్టిందే.

ఇవి ఎక్కడ ఉంటాయి? చెరువు చేపకు అడుగు ఉంటుంది, తుంగ ఉంటుంది, గట్టు ఉంటుంది. కొర్రమట్ట బురదలో దాక్కుంటుంది. వీటికి అడుగూ లేదు, గట్టూ లేదు. నడి సముద్రంలో ఎండ పడే పై పొరలోనే వీటి జీవితం. పైన నీరు వెచ్చగా ఉంటుంది, కొంత లోతుకు పోయాక ఒక్కసారిగా చల్లబడుతుంది. మార్లిన్‌లు, తెరచాప చేపలు ఎక్కువ కాలం ఆ సరిహద్దుకు పైనే తిరుగుతాయి. వీటిలో తెరచాప చేప, నల్ల మార్లిన్ తీరానికి, దీవులకు కాస్త దగ్గరగా కూడా వస్తాయి. నీలి మార్లిన్ నడి సముద్రం వదిలి రావడానికి ఇష్టపడదు. కత్తి చేప పద్ధతే వేరు. పగలు వందల మీటర్ల లోతుకు దిగి చీకట్లో వేటాడి, రాత్రి పైకి వస్తుంది. 1967లో ఆల్విన్ అనే అమెరికన్ పరిశోధన జలాంతర్గామి సుమారు 600 మీటర్ల లోతున ఉండగా ఒక కత్తి చేప వచ్చి దాన్ని పొడిచి ఇరుక్కుపోయింది. చేపతో సహా పైకి వచ్చి, ఆ రాత్రి దాన్నే వండుకు తిన్నారు. అంత చల్లని లోతులో దానికి కళ్లెట్లా పని చేస్తాయంటే, కంటి కండరాల్లో ఒక భాగం వేడి పుట్టించే పొయ్యిలాగా మారి కళ్లను, మెదడును వెచ్చగా ఉంచుతుంది. ఒళ్లంతా చల్లగా ఉన్నా చూపు మందగించదు.

బంగాళాఖాతానికి ఒక ప్రత్యేకత ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, ఇన్ని నదుల మంచినీరు వచ్చి ఉప్పునీటి మీద మూతలాగా పరుచుకుంటుంది. మన మానేరు నీళ్లు కూడా గోదావరిలో కలిసి అక్కడికే పోతాయి. ఆ మూత వల్ల పై నీరు, కింది నీరు సులువుగా కలవవు. కింద ఆక్సిజన్ బాగా తక్కువ. పసిఫిక్, అట్లాంటిక్ మహాసముద్రాల్లో ఇలాంటి చోట్ల తెరచాప చేపలకు, మార్లిన్‌లకు ఉపగ్రహ పరికరాలు కట్టి చూస్తే, ఆక్సిజన్ చాలని లోతుకు దిగక అవి పైపొరలోనే ఇరుకుగా బతుకుతున్నట్టు తేలింది. బక్కచిక్కిన చెరువులో చేపలన్నీ నడిమి మడుగులో చేరినట్టన్నమాట. ఆహారం దగ్గరగా దొరుకుతుంది, నిజమే. కాని వలకూ అంతే సులువుగా దొరుకుతాయి. తూర్పు తీరంలో ఇంకో సంగతి, ముంబై వైపులాగా వందల కిలోమీటర్లు పోనక్కరలేకుండానే లోతు వచ్చేస్తుంది. చిన్న ఫైబర్ బోటు కూడా ఈ చేప తిరిగే నీటికి చేరుకోగలగడం అందుకే.

ఆహారం నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు, చిన్న సూరలు, స్క్విడ్‌లు. మన అంగడిలో ఎండు నెత్తళ్లు కొనేటప్పుడు, ఆ గుంపులో మిగతావాటిని తెరచాప చేప తినే ఉంటుందని నాకు గుర్తొస్తుంది. అది కొమ్ముతో చేపలను గుచ్చి తింటుందని చాలామంది అనుకుంటారు. అట్లా కాదు. తెరచాపను లేపి ఒళ్లు ఊగకుండా నిలదొక్కుకుని, కొమ్మును మెల్లగా కవళ్ల గుంపులోకి దూర్చి, పక్కకు ఒక్క విసురు విసురుతుంది. దెబ్బ తగిలి తూలిన చేపను నోట్లో వేసుకుంటుంది. కొమ్ము లోపలికి వచ్చేదాకా కవళ్లు గమనించనట్టే ఉంటాయని 2014లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. 2017లో ఇంకా విచిత్రమైన విషయం బయటపడింది. మనలో కొందరు కుడిచేతివాటం, కొందరు ఎడమచేతివాటం ఉన్నట్టే ఒక్కో తెరచాప చేప ఒక్కో వైపు విసరడానికి ఇష్టపడుతుంది. కొమ్ము మీది సన్న పళ్లు ఏ పక్కన ఎక్కువ అరిగాయో చూస్తే దాని వాటం తెలిసిపోతుంది.

దీని వేగం గురించి ఒక మాట. పాత పుస్తకాల్లో, క్విజ్ పోటీల్లో 'ప్రపంచంలో అతివేగంగా ఈదే చేప ఏది?' అంటే 'సెయిల్ ఫిష్, గంటకు 110 కిలోమీటర్లు' అని ఉంటుంది. నేనూ ఆ జవాబు చెప్పి మార్కు కొట్టినవాణ్నే. గాలం పట్టిన వాళ్ల తాడు మూడు సెకన్లలో వంద గజాలు పోయిందని వేసిన లెక్క అది. 2016లో ప్రచురించిన పరిశోధనలో దాని కండరం ఎంత త్వరగా ముడుచుకోగలదో కొలిచి చూస్తే గంటకు 30 కిలోమీటర్ల దగ్గరే ఆగింది. నేలమీద ఉసేన్ బోల్ట్ అంతకన్నా వేగంగా ఉరికాడు. అయితే నీరు గాలికన్నా సుమారు ఎనిమిది వందల రెట్లు చిక్కన అని మరిచిపోకూడదు. మోకాళ్ల లోతు చెరువులో ఉరికి చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఎవరైనా హాస్టల్ క్విజ్ తయారు చేస్తుంటే ఈ ప్రశ్న తీసేయండి.

సముద్రం ఇంత దూరమైనా, ఈ చేపల పని కొంత మన హైదరాబాద్ నుంచే నడుస్తోంది. ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, 1999లో మొదలైంది. సముద్రపు పైనీటి వేడి, అందులోని పచ్చదనం ఎంతో ఉపగ్రహాల ద్వారా చూసి, వెచ్చనీరు, చల్లనీరు కలిసే గీతల దగ్గర చేపలు చేరే అవకాశం ఉందని మత్స్యకారులకు సూచనలు పంపుతుంది. నాచు ఉన్నచోట చిన్న చేపలు, చిన్న చేపలు ఉన్నచోట కొమ్ముకోనెం.

ఇప్పుడు మళ్లీ పేరు దగ్గరికే వస్తాను. హిందూ మహాసముద్రంలో ట్యూనా చేపల కోసం సీషెల్స్ కేంద్రంగా ఒక అంతర్జాతీయ కమిషన్ పని చేస్తుంది, మన దేశం అందులో సభ్యురాలు. ఈ కొమ్ము చేపలు కూడా దాని కిందికే వస్తాయి. 2018లో అది ఒక తీర్మానం చేసింది. మొత్తం హిందూ మహాసముద్రంలో ఏడాదికి నల్ల మార్లిన్ 9,932 టన్నులు, నీలిది 11,930, చారలది 3,260, తెరచాప చేప 25,000 టన్నులు దాటకుండా చూసుకోవాలి. చూడండి, నాలుగింటికి నాలుగు లెక్కలు. చారల మార్లిన్‌ను ఇప్పటికే అతిగా పట్టేశారని ఆ కమిషన్ తేల్చింది. మరి హార్బర్‌లో అన్నిటినీ కొమ్ముకోనెం అని ఒకే గడిలో రాసుకుంటే, ఏది తగ్గుతోందో, ఏది నిలబడిందో ఎవరికి తెలుస్తుంది? చేపను చూసి పేరు చెప్పగలిగిన ఆ పెద్దాయనలాంటివాళ్లను అడిగి రాసుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుందని నా అభిప్రాయం.

అదే తీర్మానంలో 60 సెంటీమీటర్ల లోపు చేప పడితే ఉంచుకోకుండా వదిలేయాలని ఉంది. ఆ కొలత కొమ్ము చివరి నుంచి కాదు. కింది దవడ కొన నుంచి తోక చీలిక దాకా కొలవాలి. ఎందుకంటే కొమ్ము విరగవచ్చు, అరగవచ్చు, పడవలో ఎవరికీ గుచ్చుకోకుండా ముందే నరికేయవచ్చు. కింది దవడ మారదు.

మీలో ఎవరైనా విశాఖ పోతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మాత్రం హార్బర్‌కు పోకండి. ఆ 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం, బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. మిగతా రోజుల్లో పోతే పొద్దు పొడవకముందే పోవాలి. ఆలస్యమైతే చేపను ముక్కలు కోసి ఐసు పెట్టెల్లో సర్దేస్తారు, మడిచి చూడటానికి రెక్క మిగలదు.